ఒక రొట్టె తక్కువ

12 సెప్టెంబరు 2009, శనివారం

పాత పిల్లల రిజిస్టరులో వెనక ముప్ఫై పేజీలు ఖాళీగా ఉన్నాయి. అంగన్‌వాడీ టీచరు చేతిలో కాగితం వృథా పోకూడదు. మా ఆయన బసవరాజు బెంగళూరుకు పోయి ఈరోజుకు నలభై రోజులు. మాట్లాడటానికి ఇంట్లో ఉన్నది మా అత్త వెంకటలక్ష్మమ్మ ఒక్కతే. ఆమెతో మాట్లాడటం కన్నా కాగితంతో మాట్లాడటం మేలు. కాగితం ఎదురు చెప్పదు.

వాన లేదు. వేసిన వేరుశనగ భూమిలోనే మాడింది. మా ఊరు ఏటిగడ్డ కొట్టాలలో నూటపది ఇళ్ళుంటే, సగానికి పైగా ఇళ్ళలో వయసువాళ్ళు సుగ్గికి పోయారు. వెనకటికి కోతల కాలానికి కూలికి పోవడాన్ని సుగ్గి అనేవాళ్ళు, ఇప్పుడు బెంగళూరులో ఇటుకలు మోయడమూ సుగ్గే. ఊళ్ళో మిగిలింది పిల్లలు, ముసలివాళ్ళు, నేను. ఈ ఊరిని ఇప్పుడు నడిపిస్తున్నది ఎవరని అడిగితే మొహమాటం లేకుండా నేనే అని చెబుతాను. ఈ పుస్తకంలోనైనా చెప్పుకోకపోతే ఎలా?

16 సెప్టెంబరు, బుధవారం

పొద్దున ఆరు జొన్నరొట్టెలు తట్టాను. మధ్యాహ్నం బుట్టలో చూస్తే ఒకటి తక్కువ. నిన్నా అంతే. మొన్నా అంతే.

"అత్తా, ఒక రొట్టె ఏమాయె?"

"ఎలక తినిందేమో."

"ఎలక రొట్టెను మడిచి కొంగులో కట్టుకుంటుందా?"

చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ బయటికి పోయింది. నాకు అంతా తెలుసు. చాటుగా తింటోంది. తింటే తిననీ, నేనేమన్నా వద్దన్నానా? అడిగి తింటే ఏం పోయింది?

19 సెప్టెంబరు, శనివారం

ఈరోజు చిన్న ఈరన్నతో పెద్ద గొడవ. ఊరికి, ఏటికి మధ్యలో సర్కారు స్థలం ఉందని మా అంగన్‌వాడీ అక్కడ కట్టారు. పక్కా స్లాబు, ఊళ్ళో అంత గట్టి కట్టడం ఇంకోటి లేదు. దాని వెనకే ఈరన్న గుడిసె. డెబ్బై ఏళ్ళ ముసలాయన, రెండు చెవులూ వినపడవు, కాలు ఈడుస్తూ నడుస్తాడు. కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు. ఆయనకు తోడు ఏడు మేకలు. ఆ ఏడింటికీ ఎండ తగలకూడదని నా వరండాలో కట్టేస్తాడు. పిల్లలు మేక పెంటికల మధ్య కూర్చుని అ ఆ లు దిద్దాలా?

మేకలను విప్పి తోలాను. చేతులతో సైగ చేశాను, అరిచాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆయన మాత్రం తల్లుల ముందర ఊరికంతా వినపడేలా అన్నాడు. "బిడ్డల బువ్వ అమ్ముకునేదానివి, నా మేకలను అదిలిస్తావా?"

పదకొండేళ్ళ ఉద్యోగంలో గుప్పెడు గోధుమరవ్వ ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు. ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను, ఆ ముసలాయన పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని.

"కడుపు కాలి అన్నాడులేమ్మే" అంది అత్త.

ఎత్తొద్దన్నాను కదా.

24 సెప్టెంబరు, గురువారం

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో చెప్పారట. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది. పోయినేడు కోస్తా టీచర్లకని పెట్టిన తుపాను శిక్షణకు ఎవరి పొరపాటో గానీ నా పేరు పోయింది. మూడు రోజులు సముద్రం ఒడ్డున, స్తంభాల మీద కట్టిన తుపాను ఇంట్లో ఉన్నాను. తాగడానికి రెండు బిందెలు దొరికితే పండగ చేసుకునే కోసిగి మండలం దానికి వరదొస్తే ఏం చేయాలో నేర్పారు. బోడితలకూ మోకాలికీ ముడి.

అయినా శ్రద్ధగానే నేర్చుకున్నాను. ఏ పనీ సగం చేయడం నాకు రాదు. ఒక విజిల్ ఇచ్చారు, పది అంశాలు అచ్చువేసిన కాగితం ఇచ్చారు. విజిల్ మేకుకు వేలాడుతోంది. కాగితాన్ని మా అత్త ఊరగాయ జాడీ మూతకింద వేసింది. తీసి చూస్తే తొమ్మిది అంశాలు బాగానే ఉన్నాయి. పదోది ఎర్ర నూనెలో మునిగిపోయింది. ఏదో ఉంది, గుర్తు రావడం లేదు.

తొమ్మిది చాలు.

27 సెప్టెంబరు, ఆదివారం

రొట్టె ఒకటి తక్కువ.

28 సెప్టెంబరు, సోమవారం, దసరా

వాన మొదలైంది. జమ్మి ఆకు పంచుకుంటూ ఉండగానే చినుకులు. ముసలివాళ్ళు వాకిళ్ళలో నిలబడి తడిశారు, ఒక్కరూ లోపలికి పోలేదు. నేనూ పోలేదు. బసవరాజు ఉంటే ఎంత బాగుండునని అనిపించింది. అదొక్కటే అనిపించింది.

29 సెప్టెంబరు, మంగళవారం

రాత్రంతా వాన, పగలంతా వాన. గోడ ఒక మూల నానింది. ఇంత వాన నా కాపురానికొచ్చాక చూడలేదు. మా ఆయా మున్నీ బీ వచ్చి, వాళ్ళాయన పీరా పుట్టిని ఏట్లో నుంచి బయటికి లాగి బోర్లించాడని చెప్పింది. పీరా ముప్ఫై ఏళ్ళుగా ఆ వెదురు పుట్టిలో జనాన్ని ఏరు దాటిస్తున్నవాడు. అతను పుట్టిని గట్టుకెక్కించాడంటే ఆలోచించవలసిందే.

విజిల్ మెడలో వేసుకున్నాను.

30 సెప్టెంబరు, బుధవారం, నల్లగుట్ట మీద

ఇంకా వెలుతురు ఉంది కాబట్టి వివరంగా రాస్తాను. రాసుకోదగ్గ రోజు.

పొద్దున తలారి రంగన్న కోసిగి నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. "టీచరమ్మా, పైన శానా నీళ్ళు వదిలినారంట. ఏటి గట్టు ఊర్లన్నీ సాయంత్రం లోపల ఖాళీ చేయాలంట" అన్నాడు. పొమ్మని దండోరా వేయించాను. రంగన్న తప్పెట కొట్టుకుంటూ ఊరంతా తిరిగాడు. "ఏరొస్తాండాదప్పా, ఏరొస్తాండాది."

ఆ తర్వాత జరిగింది సముద్రం ఒడ్డువాళ్ళకు చెబితే నమ్మరు. ఏరొస్తోందని వినగానే జనం ఏటికి ఎదురుపోవడం మొదలుపెట్టారు. ఇంటింటి నుంచీ ఆడవాళ్ళు పళ్ళెంలో పసుపు, కుంకుమ, వేపాకు, గాజులు పెట్టుకుని బయలుదేరారు. మా ఊళ్ళో ఏరు నిండి గట్టు మీది గంగమ్మ రాతిని తాకితే, ఊళ్ళో పెద్ద ముత్తయిదువ ఆ రాతికి పచ్చచీర కట్టి సారె పెట్టాలి. అది అయ్యేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. నిండిన ఏటి మొహం చూసి ఎన్నేళ్ళయిందో, ఇప్పుడు తల్లి తనంతట తాను వస్తుంటే పారిపోవడమేమిటి? అందరికన్నా ముందు మా అత్త. మామ పోయి రెండేళ్ళు అయినా, గంగమ్మ పని మాత్రం ఆమెదే అని ఊరు ఒప్పుకుంది. పెట్టెలోంచి పచ్చచీర తీసి చంకలో పెట్టుకుంది.

అడ్డం నిలబడి విజిల్ ఊదాను. పిల్లలు ఆట అనుకుని నా వెనక చేరారు. పెద్దవాళ్ళు పక్కనుంచి పోయారు. నాకు తెలిసిన తొమ్మిది అంశాల్లో, వరదకు హారతి పట్టడానికి పోయేవాళ్ళను ఎలా ఆపాలో ఒక్కటీ లేదు.

అప్పుడు తట్టింది ఉపాయం. అత్తను పక్కకు లాగాను.

"అత్తా, ఈసారి చీర రాతికాడ కాదు, గుట్ట మింద కట్టాలని చెప్పు. నువ్వు చెప్తే ఇంటారు."

"గంగమ్మ యాడుంటే ఆడ కట్టాల. గుట్ట మింద ఏం పని?"

"పొద్దు గూకే తలికి ఆమె ఊర్లోకొస్తాది. గుట్టకాడికీ వస్తాది."

"నువ్వు చూసినావా?"

"చూసినోళ్ళు చెప్పినారు. పీరా పుట్టిని గట్టుకెక్కించినాడు, అది చాలదా?"

ఆమె నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "ఆయమ్మ పేరు చెప్పి అబద్ధం ఆడమంటావు. తగిలితే ఇద్దరికీ తగుల్తాది" అంది. ఆమె చీరను తలమీద పెట్టుకుని ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"తెల్లార్జామున కలలో వచ్చినాదమ్మా. నల్లగుట్ట మింద కూర్చుంటా, ఆడికి తెచ్చి పెట్టండి అనింది. పిల్లాజెల్లా, గొడ్డూగోదా అందరూ రావాలంట. ఎవురూ మిగలొద్దంట."

అంతే. ఏటివైపు పోతున్న ఊరు గుట్టవైపు తిరిగింది. సారెకు పోతున్నామనే పోయారు, ఏడవకుండా, తోసుకోకుండా, పళ్ళేలు పట్టుకుని, బియ్యం మూటలు, కోళ్ళ గంపలు నెత్తిన పెట్టుకుని. ఊరికీ గుట్టకూ మధ్యలో ఒక వంక ఉంది, అప్పటికి మోకాలి లోతు. గర్భిణులను రంగన్న చెయ్యి పట్టి దాటించాడు. పీరా పుట్టిని నెత్తిన బోర్లించుకుని వచ్చాడు. ఇప్పుడు చంటిబిడ్డల తల్లులు వానకు దాని కింద కూర్చున్నారు.

ఏడో అంశం ప్రకారం అంగన్‌వాడీకి బీగం వేశాను. నిచ్చెన, పిల్లల పిండిమూటలు లోపల భద్రం. ఎనిమిదో అంశం ప్రకారం గుట్ట మీద రిజిస్టరు విప్పి పేర్లు పిలిచాను. పిల్లలు నలభై మూడు, గర్భిణులు ఐదు, బాలింతలు నాలుగు. యాభై రెండు మందీ పలికారు. వాళ్ళ వెంట వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఉండనే ఉంటారు.

సెల్‌ఫోను సిగ్నలు ఈ గుట్ట మీద ఒక్కచోటే వస్తుంది. మండలం ఆఫీసుకు చేశాను.

"ఊళ్ళో ఎవరైనా మిగిలారామ్మా?"

"ఎవరూ లేరు సార్."

"గ్యారంటీయేనా? మీ ఊరికి పడవ ఒకటి పెట్టుకున్నాం."

"రిజిస్టరు చేతిలోనే ఉంది సార్. పడవ వేరే ఊరికి పంపండి."

మీ లాంటివాళ్ళు ఊరికొకరు ఉంటే చాలమ్మా అన్నాడు. నిజమే అన్నాడు.

అత్త గుట్ట మీది పెద్ద రాతికి పచ్చచీర కట్టింది. అందరూ దండం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. తర్వాత రొట్టెలు పంచాను. ఇంటి నుంచి ముప్ఫై రెండు మూటగట్టి తెచ్చాను, ఎంచితే ముప్ఫై ఒకటే. ఈమెకు గుట్ట మీద కూడా ఆ అలవాటు పోలేదు. అడుగుదామంటే కనపడలేదు. వెనక ఎక్కడో కూర్చుని నన్ను సణుక్కుంటూ ఉంటుంది.

1 అక్టోబరు, గురువారం, పొద్దున

ఊరు లేదు. ఇళ్ళ చూర్లు మాత్రం కనపడుతున్నాయి. మధ్యలో వంక ఏరంత అయింది, బుసకొడుతోంది. నిన్న రాతి దగ్గరికి పోయి ఉంటే ఈపాటికి ఎవరు ఎక్కడ ఉండేవాళ్ళో.

ముసలివాళ్ళు నా చేతులు కళ్ళకద్దుకుంటున్నారు. వద్దంటున్నాను, కానీ చేతులు వెనక్కి తీసుకోవడం లేదు.

అత్త కనపడలేదు. ఎక్కడో ఉంటుంది.

పది గంటలు

షెడ్డులో లేదు. వాటర్‌షెడ్ పథకం కింద కట్టి వదిలేసిన రేకుల షెడ్డు ఇది, ఒక్క చూపుకు అంతా కనపడుతుంది. గుట్ట వెనక బండల కింద కొందరు తలదాచుకున్నారు. అక్కడ ఉంటుంది.

పన్నెండు గంటలు

బండల కింద లేదు. మున్నీ బీ అడిగింది, "అత్తమ్మ యాడ టీచరమ్మా?" అని. ఉందిలే అన్నాను.

ఉంటుంది. ఆమె నన్ను ఏడిపించడానికి ఏమైనా చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఇలాగే అలిగి ఒక రోజంతా గడ్డివామి వెనక కూర్చుంది.

ఒంటిగంట

చీర కట్టిన తర్వాత ఆమెను చూసినవాళ్ళు ఎవరూ లేరు. అందరినీ అడిగాను.

ఇప్పుడు అర్థమైంది. అబద్ధం ఆడినందుకు గంగమ్మకు క్షమాపణ చెప్పుకోవడానికి ఆ రాతి దగ్గరికి పోయి ఉంటుంది. అంత మూఢనమ్మకం. ఇంతమంది ప్రాణాలు కాపాడిన అబద్ధాన్ని భరించలేకపోయింది. కోపంతో రాస్తున్నాను. కోపంతోనే.

ఫోను చేయాలి. చేస్తే ఏమని చెప్పాలి? ఎవరూ లేరని నేనే చెప్పాను. రిజిస్టరు చేతిలో పెట్టుకుని చెప్పాను.

ఇంకొంచెంసేపు చూస్తాను.

2 అక్టోబరు, శుక్రవారం

పీరా ఇంకా రాలేదు.

3 అక్టోబరు, శనివారం

ఎండ వచ్చింది. మొన్న మధ్యాహ్నం నుంచి జరిగింది ఇప్పుడు రాస్తున్నాను. నాకు అనుకూలంగా రాసుకోకూడదని ముందే అనుకున్నాను.

గురువారం రెండు గంటలప్పుడు వాన కాస్త తెరిపిచ్చింది. రంగన్న కన్నుల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "టీచరమ్మా, నీ బడి మింద మేకలుండాయి" అన్నాడు. చూశాను. నీళ్ళ మధ్య అంగన్‌వాడీ స్లాబు ఒక్కటే తేలినట్టు ఉంది. దాని మీద చిన్న చిన్న మచ్చలు కదులుతున్నాయి. మేకలు వాటంతట అవి స్లాబు ఎక్కవు. మేకల పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇంకో మనిషి కూర్చుని ఉంది.

మేకలు ఎవరివో ఊరంతటికీ తెలుసు. చిన్న ఈరన్న. దండోరా ఆయనకు వినపడదు. నా విజిల్ వినపడదు. రిజిస్టరులో ఆరేళ్ళ లోపు పిల్లలు, కడుపుతో ఉన్నవాళ్ళు, బాలింతలు ఉంటారు. డెబ్బై ఏళ్ళ ఒంటరి ముసలివాడు ఏ గడిలోనూ ఉండడు. ఆయన ఇంట్లో చంటిబిడ్డ లేదు కాబట్టి ఎవరి వెంటా రాలేదు. నేను పిలిచిన యాభై రెండు పేర్లలో ఆయన పేరు లేదు, మా అత్త పేరూ లేదు. బడికి బీగం వేసేటప్పుడు ఆ గుడిసె నాకు పదడుగుల దూరంలో ఉంది. నేను అటు తల తిప్పలేదు. కావాలనే తిప్పలేదు. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను.

ఇరవై రోజులుగా తక్కువవుతున్న రొట్టె ఎక్కడికి పోతోందో అప్పుడు తెలిసింది. బుధవారం సాయంత్రం తక్కువైంది కూడా అదే రొట్టె. నేను రొట్టెలు ఎంచుకుంటున్నప్పుడు ఆమె వంక దాటి వెనక్కి పోతూ ఉంది.

ఫోను చేశాను.

"సార్, మా ఊళ్ళో ఇద్దరు మిగిలారు."

"నిన్న ఎవరూ లేరన్నారు కదమ్మా."

"తప్పు చెప్పాను సార్. లెక్క తప్పింది. లెక్క నాదే."

మాకని పెట్టిన పడవ కింది ఊరికి పోయింది, అక్కడ ఇళ్ళ కప్పుల మీద జనం ఉన్నారు, తిరిగి రావాలంటే రేపో ఎల్లుండో అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

నీళ్ళు స్లాబుకు ఇంకా రెండు మూరలు కింద ఉన్నాయని రంగన్న అన్నాడు. నేను పీరా దగ్గరికి పోలేదు. ఎలా పోతాను? నా తప్పుకు ఇంకొకరి మొగుణ్ణి నీళ్ళలోకి దింపమని ఏ నోటితో అడగాలి? మున్నీ బీయే పుట్టి కింద కూర్చున్న తల్లులను లేపింది. పిల్లలను షెడ్డులోకి పంపింది.

"ఈరోజు వంక ఉరుకు శానా ఉండాది. తెల్లారి తగ్గినాక పోతాడు" అంది.

"మున్నీ, నేను అడగలేదు."

"నువ్వు అడగవులే, తెలుసు. నువ్వు లెక్క తప్పినావు టీచరమ్మా. మనిషిని నేను పంపిస్తాండా. పోయినోడు రాకపోతే నాకు ఏం చెప్పాల్నో ఇప్పుడే అనుకోని పెట్టుకో."

ఏళ్ళ తరబడి నా కింద పనిచేస్తున్న మనిషి నాతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఏమని చెప్పాలో రాత్రి ఎంత ఆలోచించినా ఒక్క మాటా దొరకలేదు.

శుక్రవారం పొద్దున పీరా, రంగన్న పుట్టి ఎక్కారు. వంక మధ్యలో పుట్టి మూడు చుట్లు తిరిగింది. నేను కళ్ళు మూసుకున్నాను, మున్నీ మూయలేదు. తర్వాత పుట్టి ఇళ్ళ వెనక మరుగైంది. నిన్నటి ఒక్క వాక్యం అప్పుడు రాసిందే.

ఎంతసేపయిందో తెలియదు. పుట్టి మళ్ళీ కనపడినప్పుడు అందులో నాలుగు తలలున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకే ఎంచాను. మళ్ళీ ఎంచాను. ఏడ్చాను. అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

అత్త దిగి చలికి వణుకుతూ నిలబడింది. పెదవులు నల్లబడ్డాయి. నా కొంగుతోనే తల తుడిచాను.

"ఏమిటికి ఏడస్తావు? పోయినానా ఏమన్నా?"

"పోతే నేనేమయ్యేదాన్ని అత్తా? నీ కొడుక్కు ఏం చెప్పేదాన్ని? గంగమ్మ రాతికాడికి పోయినావనుకున్నా."

"రాతికాడికి ఏమిటికి? చీర ఈడ కట్టినాం గదా. ఎవురూ మిగలొద్దనిందని ఆయమ్మ పేరు మింద చెప్పినా గదమ్మే. వాడు మిగిలిపాయె. అబద్ధం ఎట్ల చేస్తును?"

"నాతో చెప్పి పోకూడదా?"

"వాని పేరు ఎత్తొద్దంటివి."

కొంగుతో ఆమె తల మళ్ళీ తుడిచాను.

వాళ్ళు గుడిసె దగ్గర బయలుదేరేసరికే వంక నడుము దాటిందట. ఈరన్న ఆ కాలితో దాటలేడు. అత్త రాయి తీసుకుని నా బీగం పగలగొట్టింది. నిచ్చెన వేసి ఆయనను ఎక్కించింది, మేకలను ఒక్కొక్కటే ఎత్తి అందించింది. అరవై దాటిన మనిషి. ఆ ఒక్క రొట్టెనే ఇద్దరూ రెండు రోజులు తిన్నారు.

ఈరన్న పుట్టిలోంచి దిగలేదు. మేకలను తెచ్చేదాకా దిగనని పట్టుబట్టాడు. నన్ను చూసి, చెవిటివాళ్ళు మాట్లాడేటంత గట్టిగా అన్నాడు. "బిడ్డల పిండి మూటలు తడవలేదు. తొమ్మిదీ పైకి గుంజినా, పట్ట కప్పినా. మేకలను ముట్టనీలా. లెక్క చూసుకో."

లెక్క చూసుకోమన్నాడు. నన్ను.

ఆయనకు వినపడేలా ఏం చెప్పాలో తెలియక రెండు చేతులూ జోడించాను. ఆయన చిరాగ్గా చెయ్యి విసిరి, మేకలు మేకలు అన్నాడు. పీరా తడిసిన లుంగీ పిండుకుని మళ్ళీ తెడ్డు పట్టాడు. మున్నీ తిట్టింది, అయినా ఆపలేదు.

ఈరోజు ఎండలో ఆ తుపాను కాగితాన్ని ఎత్తి పట్టుకుని చూశాను. నూనె మరక వెనక నుంచి వెలుతురు వచ్చి అక్షరాలు కనపడ్డాయి. పదవ అంశం: నడవలేనివారు, వినలేనివారు, ఒంటరిగా ఉండేవారు. వీరి కోసం ముందుగా మనిషిని పంపాలి.

మా ఇంట్లో చదువు రాని మనిషి ఆ పని చేసింది.

7 అక్టోబరు, బుధవారం

ఇంటి గోడలు రెండు పడ్డాయి. రెండు నిలిచాయి. ఊరంతా ఒండ్రు. గంగమ్మ రాయి ఇసుకలో పూడిందో, కొట్టుకుపోయిందో తెలియడం లేదు. బసవరాజు రేపు వస్తున్నాడు.

మండలం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఏటి గట్టు ఊళ్ళలో ఒక్క ప్రాణం కూడా పోనివి కొన్నే, అందులో మీది ఒకటి, మీ పేరు ప్రశంసాపత్రానికి పంపిస్తున్నాం అని రాసుకొచ్చిన కాగితం చూపించాడు. "ముందస్తు లెక్కతో అందరినీ తరలించి" అని ఉంది.

"ఇద్దరు మిగిలిపోయారు సార్. నా లెక్క తప్పింది. వాళ్ళను తెచ్చింది పీరా, రంగన్న. జనాన్ని గుట్టకు తిప్పింది మా అత్త" అన్నాను.

"ప్రాణాలు పోలేదు కదమ్మా. ఆ వివరం అక్కర్లేదు."

"అక్కర ఉంది సార్."

ఆయన కలం నా చేతికిచ్చాడు. సంతకం కింద నాలుగు వాక్యాలు నా అక్షరాలతో రాశాను. ప్రశంసాపత్రం వస్తుందో రాదో తెలియదు. వస్తే మున్నీ ఇంట్లో తగిలిస్తాను. మున్నీకి చెబితే, "మా ఇంట్లో గోడ యాడుంది టీచరమ్మా?" అంది. ఆ రోజు తర్వాత నన్ను చూసి నవ్వడం ఇదే మొదలు.

11 అక్టోబరు, ఆదివారం

పిల్లల రిజిస్టరులో ఇంకా కొన్ని పేజీలు మిగిలాయి. ఒక పేజీకి గీతలు గీశాను. పేరు, వయసు, నడక, చూపు, వినికిడి, తోడు ఎవరు. సర్కారు అడగలేదు, నాకు కావాలి. పొద్దుటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. మళ్ళీ ఏరు వచ్చినా, నిప్పు వచ్చినా, రోగం వచ్చినా ఈ పేజీ ముందు చదువుతాను. ఈసారి ఎలా చేయాలో నాకు బాగా తెలుసు. ఈ మాట గర్వంతోనే రాస్తున్నాను. అది ఎక్కడికి పోతుంది?

మొదటి పేరు మా అత్తది రాయబోయాను.

"అత్తా, నీ వయసు ఎంత రాయాల?"

"నన్ను ఏమిటికి ముందు రాస్తావు? నాకు నువ్వుండావు గదా. వాణ్ణి రాయి."

రొట్టెలు తడుతూనే మాట్లాడుతోంది. పొయ్యి వాకిట్లో పెట్టుకున్నాం, బసవరాజు కడుతున్నాడు గానీ ఇంకా గోడ లేవలేదు. ఆరు తట్టి చేతులు దులుపుకోబోతుంటే ఆగమన్నాను. పళ్ళెంలో ఇంకో గుప్పెడు పిండి పోశాను. ఆమె నా వైపు చూడలేదు, నీళ్ళు చిలకరించి కలుపుకుంది.

ఏడోది వేడిగా ఉండగానే గుడ్డలో చుట్టి నేనే తీసుకుపోయాను. ఆయన మేకలు నా వరండాలోనే కట్టేసి ఉన్నాయి. ఇచ్చి వచ్చి ఈ పేజీ మొదలుపెట్టాను.

1. చిన్న ఈరన్న. వయసు డెబ్బై. కాలు ఈడుస్తాడు. దండోరా వినపడదు, చెయ్యి పట్టుకుని చెప్పాలి. తోడు: శ్రీదేవి, టీచరు.